చుక్కన్న అన్నాడట

అనగనగా ఒక అడవి. వానాకాలంలో ఆ అడవిలో ఎక్కడ కాలు పెట్టినా నీళ్ళే. ఎండాకాలం వస్తే మాత్రం వాగులన్నీ ఎండిపోయి, రాళ్ళగుట్ట కింద ఒక్క మడుగు మిగిలేది. ఏనుగు నుంచి ఎలుక దాకా అందరికీ అదే దిక్కు.

చాలాకాలం ఆ మడుగు దగ్గర ఒక ముసలి ఏనుగు పెద్దరికం చేసింది. ఎవరు ఎప్పుడు దిగాలో, ఎవరు ఎంతసేపు ఉండాలో అదే చెప్పేది. పులి తాగే వేళ వేరు, పిల్లతల్లులు తాగే వేళ వేరు. ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఏనుగుకు ఎదురు చెబితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ ఏనుగు ఒక చలికాలంలో కన్నుమూసింది. ఎండలు ముదిరేసరికి మడుగు దగ్గర తోపులాటలు మొదలయ్యాయి. జంతువులన్నీ కూర్చుని, ఈసారి పెద్దను మనమే ఎన్నుకుందామని తీర్మానించుకున్నాయి.

పోటీకి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు అడవిదున్న మూపురయ్య. నల్లగా బండరాయిలా ఉంటాడు. మాట తక్కువ, బలం ఎక్కువ. రెండోవాడు దుప్పి చుక్కన్న. బంగారు రంగు ఒళ్ళు, దాని మీద తెల్లటి చుక్కలు. మాట మెత్తన. మడుగు గట్టున రెండు గుంటలు తవ్వారు. ఎవరికి ఎవరు కావాలో వాళ్ళ గుంటలో ఒక మోదుగాకు వేయాలి. కొండముచ్చు తాత కాపలా ఉండి, చివర్లో ఆకులు లెక్కపెడతాడు.

ఆ అడవిలోనే కాటుక అనే ఎలుగుబంటి ఉండేది. పేరుకు తగ్గట్టే ఒళ్ళంతా కారునలుపు. తన కంటితో చూడనిది, చెవితో విననిది చెప్పదని కాటుకకు పేరు. ఎవరైనా వచ్చి ‘వాన పడేలా ఉందా’ అని అడిగితే, మెడ ఎత్తి చూసి, గాలి వాసన పట్టి, ‘ఇప్పటికైతే పడటం లేదు’ అనేది. ఇలాంటి వాళ్ళతో కబుర్లు చెప్పుకోవడం కష్టం. అందుకే కాటుకకు అడవిలో గౌరవం ఎక్కువ, స్నేహితులు తక్కువ.

ఉన్న స్నేహితురాలు ఒక్కతే, పొన్ని. అది ఆడదుప్పి, చుక్కన్న మందలోదే. కాటుక పిల్ల బొంగరం, పొన్ని పిల్ల చిట్టి మడుగు అంచున ఒకదాన్నొకటి తరుముకుంటుంటే, తల్లులిద్దరూ పక్కపక్కన నిలబడి నీళ్ళు తాగేవారు. కాటుక ఓటు మూపురయ్యకని పొన్నికి తెలుసు. పొన్ని ఓటు చుక్కన్నకని కాటుకకు తెలుసు. ఆ సంగతి ఒక్కటి ఎత్తకుండా మిగతావన్నీ మాట్లాడుకునేవారు.

ఎన్నిక దగ్గర పడుతుండగా అడవిలో ఒక మాట బయలుదేరింది. చుక్కన్న తన మందతో ఇలా అన్నాడట: “నల్లతోలు వాళ్ళు దిగితే మడుగు నల్లబడుతుంది. అందరూ తాగాక, మిగిలితే వాళ్ళు తాగాలి.”

పొద్దున ఆ మాట కాకులకు తెలిసింది. కాకులకు తెలిశాక ఇంక అడవికి తెలియడానికి ఎంతసేపు. మధ్యాహ్నానికి అడవిపందులు పళ్ళు కొరుకుతున్నాయి. ఎలుగుబంట్లు చెట్లకు వీపులు రాసుకోవడం మానేసి గుంపులుగా కూర్చున్నాయి. మూపురయ్య తరఫువాళ్ళు మాత్రం చాలా బాధపడుతూ, ఆ మాట వినని వాళ్ళెవరైనా మిగిలారేమోనని అడవంతా వెతికి మరీ చెప్పి వచ్చారు.

కాటుక ఆ మాట నమ్మింది. అవును, ఎప్పుడూ ఏదీ ఊరికే నమ్మని కాటుకే నమ్మింది. దానికి కారణం ఉంది. కాటుక చిన్నప్పుడు ఒక ముసలి దుప్పి, తనను చూసి పిల్లలను వెనక్కి లాక్కుంది. ‘దాని పక్కన తాగకండి, బురద’ అంది. ఆ రోజు కాటుక ఒంటి మీద బురద లేదు. ఇన్నేళ్ళ తర్వాత చుక్కన్న మాట విన్నప్పుడు, కాటుకకు కొత్త మాట విన్నట్టు అనిపించలేదు. పాత మాటే మళ్ళీ విన్నట్టు అనిపించింది. మనసులో ముందే చోటున్న మాటకు సాక్ష్యం అడగాలని ఎవరికీ తోచదు.

ఆ సాయంత్రం పొన్ని ఎప్పటిలాగే పక్కకు వచ్చి నిలబడింది. కాటుక ఒక్క మాటైనా మాట్లాడకుండా, బొంగరం మెడ పట్టుకుని లేపి, మడుగు అవతలి అంచుకు వెళ్ళిపోయింది. పొన్ని కాసేపు అలాగే నిలబడి, నీళ్ళు తాగకుండానే వెనక్కి తిరిగింది.

మర్నాడు సంగతి ఇంకా ముదిరింది. దుప్పులు మడుగుకు వచ్చే దారి రెండు పెద్ద బండల మధ్య నుంచి ఉంది. చాలా ఇరుకు. అడవిపందుల పెద్ద కోరయ్య తన మందను తెచ్చి ఆ ఇరుకులో అడ్డంగా పడుకోబెట్టాడు. చుక్కన్న వచ్చి తప్పు ఒప్పుకునేదాకా ఒక్క చుక్కలతోలు కూడా ఇటు రాకూడదన్నాడు. చుట్టూ తిరిగి రావాలంటే పులి ఉండే లోయలోంచి రావాలి. దుప్పులు బండల అవతల ఎండలో నిలబడిపోయాయి.

కాటుక ఇవతల నీళ్ళలో నిలబడి అవతలికి చూసింది. పందుల వీపుల మీదుగా చిట్టి తల కనిపించింది. అది నాలుక బయటపెట్టి, నీళ్ళలో ఆడుతున్న బొంగరాన్ని చూస్తోంది. బొంగరం ఆట ఆపింది.

“అమ్మా, చిట్టి ఏమంది?” అని అడిగింది.

“చిట్టి ఏమీ అనలేదు.”

“మరి దాన్నెందుకు తాగనివ్వరు?”

కాటుక వంగి నీళ్ళు తాగబోయి, మళ్ళీ పందుల వైపు చూసింది.

అప్పుడే సూదయ్య వచ్చాడు. సూదయ్య ఒక ముళ్ళపంది, మూపురయ్య తరఫున ప్రచారమంతా తనే చూసుకుంటాడు. ముళ్ళు గలగలలాడించుకుంటూ కాటుక పక్కన కూర్చుని, రేపు గట్టు మీద జరిగే సభలో చుక్కన్న మాటను కాటుకే చెప్పాలని బతిమాలాడు. తను చెబితే ముళ్ళపంది ముళ్ళు గుచ్చుతున్నాడంటారు. కాకి చెబితే కాకిగోల అంటారు. కాటుక చెబితే ఎటూ తేల్చుకోని కుందేళ్ళు, నెమళ్ళు కూడా నమ్మి మూపురయ్య గుంటలో ఆకు వేస్తాయి.

కాటుక ఒప్పుకుంది. చుక్కన్న మీద కోపం నిజంగానే ఉంది. కానీ నలుగురి ముందు నిలబడి ‘చుక్కన్న ఇలా అన్నాడు’ అని తన నోటితో చెప్పాలనుకునేసరికి, అలవాటు అడ్డం వచ్చింది.

“చెబుతాను గాని సూదయ్యా, ఎక్కడ అన్నాడు? ఎవరు విన్నారు?”

“ఎవరు విన్నారేమిటక్కా, అడవంతా వింది కదా.”

“అడవంతా నీ నోట వింది. నువ్వు ఎవరి నోట విన్నావు?”

సూదయ్య ముళ్ళు సర్దుకుని, అడవికోడి చెప్పిందన్నాడు. ఇంత చిన్న పనికి ఇంత తిరుగుడెందుకని గొణిగాడు. కాటుక కూడా అది చిన్న పనే అనుకుంది. పొద్దువాలేలోగా అడిగి తెలుసుకుని, రేపు గట్టిగా చెప్పొచ్చనుకుంది. నిజం చెప్పాలంటే, ఆ మాట అబద్ధమవుతుందని కాటుక అనుకోనే లేదు.

ముందు అడవికోడి దగ్గరకు వెళ్ళింది. అడవికోడి పొదలో ఆకులు గీరుతూ, ఆ మాట తను స్వయంగా విన్నానని రొమ్ము విరుచుకుని చెప్పింది. అంతే కాదు, ‘నల్లవాళ్ళను మడుగు నుంచి కొమ్ములతో పొడిచి తరిమేస్తాను’ అని కూడా అన్నాడంది. ఆ రెండో మాట కాటుక ఎక్కడా వినలేదు. చుక్కన్న అన్నప్పుడు నువ్వు ఎక్కడున్నావని అడిగింది. గుడ్ల మీద ఉన్నానంది అడవికోడి. గుడ్లు ఎక్కడ పెట్టావంటే, వాగు అవతల అంది. దుప్పులు కూర్చున్నది రేగుచెట్ల తోపులో కదా, వాగు అవతలికి ఎలా వినబడిందని అడిగితే, అడవికోడి కొంచెంసేపు గీరి, తనకు ఉడుము చెప్పాడని, ఉడుము అబద్ధం చెప్పడు గనక తను విన్నట్టే లెక్క అని చెప్పింది. కొమ్ములతో పొడవడం సంగతి ఉడుము చెప్పలేదట. ఆ మాట అన్నవాడు ఈ మాట కూడా అనే ఉంటాడని తనే అనుకుందట.

కాటుక ఉడుము దగ్గరకు వెళ్ళింది. ఉడుము బండ మీద ఎండ కాచుకుంటున్నాడు. ఆ రోజు తను రేగుచెట్ల తోపులోనే ఉన్నానని, చుక్కన్న నోటి నుంచే విన్నానని చెప్పాడు. కాటుకకు ఊరట కలిగింది. చివరికి నిజంగా విన్నవాడు దొరికాడు.

“విన్న మాట విన్నట్టే చెప్పు,” అంది.

ఉడుము కళ్ళు మూసుకుని, చుక్కన్న గొంతు పెట్టి చెప్పాడు. “నల్లతోలు వాళ్ళు దిగితే మడుగు నల్లబడుతుందట. అందరూ తాగాక, మిగిలితే వాళ్ళు తాగాలట.”

కాటుక ఉలిక్కిపడింది. “నల్లబడుతుందా, నల్లబడుతుందటా?”

“నల్లబడుతుందట.”

“తాగాలా, తాగాలటా?”

“తాగాలట,” అన్నాడు ఉడుము, విసుగ్గా. “ఒక్క అక్షరానికి ఏముంది?”

‘తాగాలి’ అంటే చుక్కన్న మాట. ‘తాగాలట’ అంటే ఎవరో అన్న మాటను చుక్కన్న చెబుతున్నాడన్నమాట. అడవంతా పరుగులు పెట్టిన ఆ కబురులో ఆ ఒక్క ‘ట’ దారిలో ఎక్కడో రాలిపోయింది. దాన్ని ఏరుకుని తెచ్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత చుక్కన్న ఏమన్నాడని అడిగింది. ఉడుముకు తెలియదు. అప్పుడే ఒక లావుపాటి మిడత కనిపిస్తే దాని వెనక వెళ్ళిపోయాడట. తిరిగొచ్చేసరికి దుప్పులన్నీ లేచి వెళ్ళిపోతున్నాయట. కొన్ని చాలా కోపంగా ఉన్నాయట.

మిగతా మాట తెలియాలంటే దుప్పులను అడగాలి. కాటుకకు తెలిసిన దుప్పి ఒక్కతే. నిన్న సాయంత్రం తను మొహం తిప్పుకున్నదీ ఆ ఒక్కదాని నుంచే. తేనెపట్టులో మూతి పెట్టడానికి వెనకాడనిది, పొన్ని ముందు నిలబడటానికి చాలా వెనకాడింది. అయినా వెళ్ళింది. ఎలుగుబంటి గనక పందులు దారి ఇచ్చాయి. కోరయ్య పక్కకు జరుగుతూ, వాళ్ళకు గట్టిగా బుద్ధి చెప్పి రమ్మన్నాడు కూడా.

పొన్ని రేగుచెట్టు నీడలో పడుకుని ఉంది. చిట్టి తల్లి కడుపుకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. మూతి ఎండిపోయి ఉంది. కాటుక వెళ్ళి ఎదురుగా కూర్చుంది. ఏం చెప్పాలో తోచక, వచ్చిన పనే చెప్పింది. ఆ రోజు చుక్కన్న ఏమన్నాడని అడిగింది.

“ఈ మాట నిన్న అడగాల్సింది వదినా,” అంది పొన్ని. “నేను నీ పక్కనే ఉన్నాను. ఆ మందలో కూర్చుని విన్నదాన్ని నేనే. నన్ను తప్ప అందరినీ అడిగావు.”

“నిన్న ఎవరినీ అడగలేదు,” అంది కాటుక. “నిన్న నమ్మాను.”

పొన్నికి ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. అయినా చెప్పింది. చుక్కన్న అన్న మొత్తం మాట ఇదీ: “నల్లతోలు వాళ్ళు దిగితే మడుగు నల్లబడుతుందట. అందరూ తాగాక, మిగిలితే వాళ్ళు తాగాలట. ఈ మాట మన మందలోనే కొందరు అంటున్నారు. నేను పెద్దనైతే, ఆ మాట అన్నవాళ్ళనే వరసలో చివర నిలబెడతాను.”

కాటుక అడిగింది. మరి ఇంత మంది దుప్పులు విన్నారు కదా, ఒక్కరైనా వచ్చి అసలు మాట ఎందుకు చెప్పలేదని.

పొన్ని గొంతు తగ్గించింది. మందలో సగానికి సగం ఆ రోజు చుక్కన్న మీద కోపంతో లేచి వెళ్ళిపోయాయట. ఈ పుకారు పుట్టాక అవే తిరిగొచ్చాయట. చుక్కన్న బయటికి అలా మాట్లాడినా లోపల మనవాడేనని, వాగు అవతల ఎక్కడో నిజం మాట్లాడి ఉంటాడని మురిసిపోతున్నాయట. దాహంతో నాలుకలు పిడచకట్టుకుపోతున్నా ఆ మురిపెం మాత్రం తగ్గలేదట. “నేను చెప్పబోయాను వదినా,” అంది పొన్ని. “మావాళ్ళు నా నోరు మూయించారు. మీవాళ్ళు నా మొహం చూడలేదు.”

ఇంక మిగిలింది చుక్కన్న ఒక్కడే. కాటుక వెళ్ళి సూటిగా అడిగింది. చుక్కన్న చాలా మర్యాదగా లేచి నిలబడ్డాడు. పొన్ని చెప్పిందంతా నిజమేనన్నాడు. అయితే పుకారు అబద్ధమని సభలో చెప్పొచ్చు కదా అంటే, మెత్తటి గొంతుతో ఇలా అన్నాడు.

“చెబితే మా మందలో సగం పోతుంది కాటుకా. చెప్పకపోతే పోయేది మీవాళ్ళు. మీవాళ్ళు ఎలాగూ నాకు ఆకు వేయరు. అందుకని ఎన్నిక అయ్యేదాకా ఊరుకుందామనుకున్నాను.”

“ఆ పక్కన పిల్లలు దాహంతో పడి ఉన్నారు.”

చుక్కన్న చూపు తిప్పుకున్నాడు. మంచి మాట అనడానికి ఒకరోజు ధైర్యం చేశాడు పాపం. అన్నానని చెప్పుకోవడానికి రెండో రోజుకు ఆ ధైర్యం మిగల్లేదు.

కాటుక తిరిగి వచ్చి సూదయ్యకు జరిగిందంతా చెప్పింది. సూదయ్య ముందు నమ్మలేదు, తర్వాత నమ్మి మరీ దిగులుపడ్డాడు. ఆకులు వేయడం అయ్యేదాకా నోరు మెదపవద్దని, అబద్ధం చెప్పమనడం లేదని, నిజాన్ని కాస్త ఆలస్యంగా చెప్పమంటున్నానని బతిమాలాడు. నల్లవాళ్ళలో పుట్టి నల్లవాళ్ళకే ద్రోహం చేస్తావా అని కూడా అడిగాడు. ఆ మాటకు కాటుక మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రమంతా ఆలోచించింది. చెప్పకపోతే మూపురయ్య గెలుస్తాడు, తనకు కావలసింది అదే. చెబితే తన వాళ్ళు తనను వెలివేసినా వేస్తారు. తన చిన్నప్పుడు ముసలి దుప్పి అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట నిజంగా అన్నారు గనక అది ఇప్పటికీ మండుతోంది. అనని మాటకు ఇంకొకరిని మండించడం ఎందుకు అనుకుంది.

మర్నాడు గట్టు మీద సభ కూడింది. దుప్పులను కూడా ఆ కాసేపటికి రానిచ్చారు, చుక్కన్న తలవంచడం చూడాలి గనక. కాటుక బండ ఎక్కింది. ఎవరి దగ్గరకు వెళ్ళిందో, ఎవరు ఏమన్నారో వరసగా చెప్పింది. చుక్కన్న మాటను మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. అక్కడితో ఆపితే చుక్కన్నకు ఎంతో బాగుండేది. కానీ, అనని మాట అన్నాడని అందరూ అంటుంటే, ఓట్ల కోసం ఆయన నోరు మెదపలేదన్న సంగతి కూడా చెప్పింది. తర్వాత తన సంగతి చెప్పింది. “నేనూ నమ్మాను. నమ్మి నా స్నేహితురాలి పక్క నుంచి లేచి వెళ్ళాను. అది నా తప్పు,” అంది.

ఒక్కరు కూడా మెచ్చుకోలేదు. ఎలుగుబంట్లు కాటుకను దుప్పులు కొనేశాయన్నాయి. దుప్పులు కాటుక తమ మందను చీలుస్తోందన్నాయి. అడవికోడి తను అలా అననే లేదంది. కోరయ్య మాత్రం తోక ఆడిస్తూ చాలాసేపు ఆలోచించాడు. మొరటువాడే గాని, అనని మాటకు కోపం పెట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. వెళ్ళి తన మందను లేపాడు. పందులు విసుక్కుంటూ లేచి దారి ఇచ్చాయి. దుప్పులు మడుగులోకి పరుగెత్తాయి. చిట్టి మోకాళ్ళ దాకా దిగి, ఊపిరి తీసుకోకుండా తాగింది.

ఆ తర్వాత ఆకులు వేశారు. ఇక్కడే అసలు తమాషా. నల్లతోలు వాళ్ళలో కోరయ్యతో కలిపి కొందరు చుక్కన్న గుంటలో ఆకు వేశారు. తన మంద ముందే అలాంటి మాట అనగలిగినవాడు, తర్వాత ఊరికే ఉండిపోయినా మంచివాడే అనుకున్నారు. అయినా చుక్కన్న ఓడిపోయాడు. ఎందుకంటే, నల్లవాళ్ళు దిగితే మడుగు నల్లబడుతుందనే దుప్పులన్నీ, చుక్కన్న తమను చివర నిలబెడతానన్నాడని ఖాయంగా తెలిశాక, కోపం పట్టలేక కట్టకట్టుకుని వెళ్ళి ఆకులు మూపురయ్య గుంటలో వేశాయి. అడవిలోకెల్లా నల్లటివాడు ఆ విధంగా మడుగుకు పెద్ద అయ్యాడు. కొండముచ్చు తాత ఆకులు ఎంచి, ఆ మాట ప్రకటించి, చెట్టెక్కి చాలాసేపు దిగలేదు.

మూపురయ్య పెద్దరికం బాగానే మొదలైంది. కొన్నాళ్ళకు సూదయ్య మళ్ళీ ముళ్ళు గలగలలాడించుకుంటూ కాటుక దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. దుప్పులు ఒక పుకారు పుట్టించాయట. ‘చుక్కలవాళ్ళకు బుర్ర ఉండదు, బెదురు ఒక్కటే ఉంటుంది, వాళ్ళ మాట లెక్కపెట్టకండి’ అని మూపురయ్య అన్నాడట. ఇంత దారుణమైన అబద్ధాన్ని కాటుక వెంటనే విచారించి, అబద్ధమని సభలో చెప్పాలట. అడగకుండా ఏ మాటా నమ్మకూడదని సూదయ్య ఇప్పుడు అడవంతా తిరిగి చెబుతున్నాడు.

కాటుక విని, ఎక్కడ అన్నాడంటున్నారని అడిగింది. పందుల బురదగుంట దగ్గరట. అప్పుడు అక్కడ ఎవరున్నారని అడిగింది. సూదయ్య కాస్త తడబడి, తను కూడా ఉన్నానన్నాడు.

“అయితే నువ్వే చెప్పు. అన్నాడా?”

సూదయ్య ముళ్ళు ఒక్కొక్కటే కిందికి వాలాయి. “అన్నాడనుకో. కానీ ఆ ఉద్దేశంతో కాదక్కా.”

కాటుక మూపురయ్య దగ్గరకే వెళ్ళింది. తను ఆకు వేసి గెలిపించుకున్నవాడు. ఎదురుగా నిలబడి అడిగింది. మూపురయ్య ముక్కుపుటాలు ఎగరేసి, నవ్వులాటకు అన్నానన్నాడు. అందరూ నవ్వారు కూడా అన్నాడు. దుప్పులు అక్కడ ఉన్నాయా అని అడిగింది కాటుక. లేవు. వాళ్ళ ముందు కూడా అలాగే నవ్వులాటకు అంటావా అని అడిగింది. మూపురయ్య కొమ్ములు నేలకు రాశాడు. రేపు సభలో ఈ మాట నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని మాత్రం అడిగి, కాటుక వచ్చేసింది.

మర్నాడు మూపురయ్యే చెప్పాడు. ఏమన్నాడో మొత్తం చెప్పి, తప్పన్నాడు. దుప్పులు భగ్గుమన్నాయి. అందరికంటే గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు? మడుగు నల్లబడుతుందన్న దుప్పులే. తోలు చూసి బుర్రను కొలవడం ఎంత అన్యాయమో అవి కళ్ళనీళ్ళతో చెప్పాయి. కోరయ్య ఆవులించాడు. కొండముచ్చు తాత తోక నోట్లో కుక్కుకున్నాడు. కాటుకకు మాత్రం నవ్వు రాలేదు. అది అన్యాయమే. వాళ్ళు చెప్పినా అన్యాయమే.

తర్వాత అడవిలో పుకార్లు ఆగిపోయాయని అనుకునేరు, అలాంటిదేమీ జరగలేదు. అవి ఎప్పటిలాగే పుడుతున్నాయి, ఎగురుతున్నాయి. కాకపోతే ఎవరైనా ‘ఫలానావాడు ఫలానా మాట అన్నాడట’ అని మొదలుపెట్టగానే, వినేవాళ్ళలో ఎవరో ఒకరు ‘కాటుక వచ్చి అడుగుతుంది సుమా’ అనేవారు. చెప్పేవాళ్ళు కాస్త ఆలోచించి, సగం మాట మింగేసేవారు. కాటుకను ఇష్టపడేవాళ్ళ సంఖ్య ఏమీ పెరగలేదు.

ఒక సాయంత్రం కాటుక నీళ్ళు తాగుతుంటే, పొన్ని ఆయాసపడుతూ వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. ఏదో మంచి కబురే మోసుకొచ్చిందని చూడగానే తెలుస్తోంది.

“వదినా, విన్నావా? కోరయ్య నీ గురించి ఏమన్నాడంటే...”

కాటుక తల ఎత్తి చూసింది. ఏమీ అడగలేదు, చూసింది అంతే.

పొన్ని నోరు మూసుకుంది. చెవులు అటూ ఇటూ తిప్పింది. “ఉండు,” అంది. “ముందు ఆయన్నే అడిగొస్తాను.”

అని చెప్పి, గుట్ట అవతలికి, పందులున్న వైపు నడిచి వెళ్ళింది. దుప్పులెవరూ అంతకు ముందు ఆ వైపు ఒంటరిగా వెళ్ళి ఎరగరు.

నీతి: ఎవరో ఏదో అన్నారని వింటే, నమ్మే ముందు అన్నవాళ్ళనూ, ఎదురుగా ఉండి విన్నవాళ్ళనూ అడగాలి. గిట్టనివాళ్ళ గురించి విన్నా, మనవాళ్ళ గురించి విన్నా ఒకే తీరుగా అడగాలి. తేలిన నిజం మనకు నచ్చకపోయినా చెప్పాలి.